లామెసి నరికిన తోట

గ్రోమోర్న్ కొండల్లో ఒకప్పుడు లామెసి ఇంటికి దారి అడగాల్సిన పని ఉండేది కాదు. ట్వా రివ్యే ఏరు దాటి తల పైకెత్తితే చాలు, రాళ్ళు తేలిన వాలు మధ్యలో ఒక్కచోట పచ్చగా గుబురు కనబడేది. అదే ఆమె మామిడి తోట. తోట అంటే పెద్దదేం కాదు. పట్టుమని పదిహేను చెట్లు కూడా ఉండవు. కానీ అన్నీ అంటు కట్టిన ఫ్రాన్సిక్ మామిళ్ళే. కాయ వంపు తిరిగి, బరువుగా, మగ్గితే బంగారు రంగుకొచ్చేది. అమెరికా వాళ్ళు ఏరి కోరి ఓడలమీద తెప్పించుకునే రకం అది. కొండ కింద సంతలో ఆడవాళ్ళు ఆమెను "మామిళ్ళ లామెసి" అని పిలిచేవారు.

ఆ పేరు రాకముందు ఆమెకు పందులుండేవి. పందులు పోబట్టే మామిళ్ళు వచ్చాయి.

హైతీ పల్లెల్లో నల్ల పంది అంటే ఇంట్లో దాచుకున్న సొమ్ముతో సమానం. పొట్టిగా, మొరటుగా ఉండేది. దానికి వేరే మేత పెట్టే పని లేదు. రాలిన పళ్ళూ, దుంపల తొక్కలూ, దొడ్లో దొరికిందల్లా తిని ఒళ్ళు చేసేది. పెళ్ళొచ్చినా, చావొచ్చినా, పిల్లను బళ్ళో వేయాలన్నా, దాని మెడకు తాడు కట్టి సంతకు తోలుకెళ్ళేవారు. లామెసికి పెళ్ళినాడు తల్లి ఒక ఆడ పందినిచ్చింది. ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి దొడ్డి నిండా దాని సంతానమే.

ఆ ఏడు పక్క దేశంలో పందులకేదో జ్వరం వచ్చిందన్నారు. ఆ జ్వరం సముద్రం దాటి తమ పందులకెక్కడ అంటుకుంటుందోనని అమెరికా వాళ్ళకు భయం పట్టుకుంది. వాళ్ళు ఒత్తిడి పెట్టారు, ఇక్కడి ప్రభుత్వం తలూపింది. దేశంలో ఒక్క నల్ల పంది కూడా మిగలకూడదన్నారు.

తుపాకులూ తాళ్ళూ పట్టుకుని మనుషులొచ్చినప్పుడు లామెసి వాకిట్లో అడ్డం నిలబడింది.

"నా పందులకు జబ్బేం లేదయ్యా. చూడు, ఎట్లా మేస్తున్నాయో! జబ్బు పంది అట్లా మేస్తుందా?"

"జబ్బున్నవీ లేనివీ అని చూడమనలేదమ్మా మాకు. అన్నీ అన్నారు, అంతే" అన్నాడు వాళ్ళలో ఒకడు, ఆమె ముఖం చూడకుండా.

ఆ పూట కొండ మొత్తం పందుల అరుపులతో దద్దరిల్లింది. తర్వాత అమెరికా నుంచి తెల్ల పందులు తెచ్చి ఇస్తామన్నారు. వాటికి సిమెంటు నేల ఉండాలట, నీడ ఉండాలట, కొన్న దాణా పెట్టాలట. పక్కింటి ఆల్తగ్రాస్ నడుం మీద చేతులేసుకుని నవ్వింది. "వదినా, ఆ దొరసానికి పెట్టేవి మన బతుక్కి మనకే లేవు. దానికి ఇల్లు కట్టాక మనమే అందులోకి కాపురం మారదాం పద. వానకైనా తడవం."

లామెసి తెల్ల పంది జోలికి పోలేదు. నష్టపరిహారమని చేతిలో పెట్టిన నాలుగు డబ్బులూ కొంగున ముడేసుకుని గొనాయీవ్ పట్నం దాకా నడిచి, అక్కడ మామిళ్ళ వ్యాపారి సావ్యోల్ దగ్గర అంటు మొక్కలు కొనుక్కొచ్చింది. ఆమె మొగుడు ఒరేలస్ మొక్కల వంకా పెళ్ళాం వంకా మార్చి మార్చి చూశాడు.

"పందయితే ఏడాదిలో చేతికొచ్చేదే. ఇవి కాసేనాటికి మన పళ్ళూడతాయి."

"ఊడితే రసం పిండి పోస్తాలే. ముందు గోతులు తవ్వు."

తవ్వాడు. ఒరేలస్ మాటకు ముందు నసిగేవాడే గానీ పనికి వెనక్కి తగ్గేవాడు కాదు. ఎండాకాలం ఏరు సన్నబడిపోయేది. లామెసి చంకన బిడ్డా నెత్తిన నీళ్ళ కుండా పెట్టుకుని వాలు ఎక్కేది. మేకలు కొరక్కుండా చుట్టూ ముళ్ళకంప పాతింది. ఆ ఏళ్ళలో జొన్నగంజీ కందులూ తప్ప ఇంట్లో మరో తిండి ఎరగరు. పుట్టిన నలుగురు పిల్లల్లో ముగ్గురు నడక నేర్వకముందే పోయారు. మిగిలింది ఇల్మీజ్ ఒక్కతే. మొక్కలూ ఆ పిల్లా ఒక ఈడువి. ఏవి ముందు తన తల దాటిపోతాయోనని లామెసి చూస్తుండేది. మొక్కలే దాటాయి.

మొదటి కాపు నాడు సావ్యోల్ లారీ ఏటి అవతల ఒడ్డుకొచ్చి ఆగింది. ఒరేలస్ నడుముకు తాడు చుట్టుకుని చెట్టెక్కి, కాయ కాయనూ కాడతో సహా తుంచి, గోనె సంచిలో పేర్చి కిందకు దించాడు. సొన కారి తొక్క మీద మచ్చ పడితే ఆ కాయ అమెరికాకు పనికిరాదు. లామెసి కింద నిలబడి ఒక్కో కాయనూ పసిబిడ్డను అందుకున్నట్టు అందుకుంది. సావ్యోల్ మనిషి లావు, మాట సన్నం. కాయలను అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, నీ చెట్లకు దిష్టి తగలకుండా చూసుకో" అన్నాడు.

గడ్డి కప్పు పోయి ఇంటికి రేకు వచ్చింది. ఇల్మీజ్ నీలం గౌను వేసుకుని బడికి పోయేది. బూట్లు నలుగుతాయని ఏరు దాటేదాకా చేత్తో పట్టుకుని నడిచేది. ఆదివారం చర్చి అయ్యాక లామెసి పళ్ళెంలో అన్నం, కందిపప్పు, ఒక ముక్క ఎండుచేప వడ్డించి, మొగుడు తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేది. "ఏంటే అట్లా చూస్తావ్?" అంటే, "ఏం లేదు, తిను" అనేది.

ఆ రోజుల్లోనే ఎన్నికలొచ్చాయి. పల్లె పల్లెంతా కదిలి వెళ్ళి ఓటేసిన ఎన్నికలు అవే మొదలు. ఒరేలస్ రైతుల సంఘంలో డోలు కొట్టేవాడు. లామెసి తెల్లవారకముందే నడిచి వెళ్ళి వరసలో నిలబడి ఓటేసి, సిరా పూసిన వేలు ఇంటికొచ్చేదాకా ముడవకుండా పట్టుకుంది. పేదవాళ్ళు కోరుకున్న మనిషే గెలిచాడు. ఏడాది తిరక్కముందే సైన్యం ఆయన్ను విమానమెక్కించి దేశం దాటించింది. ఊరి మీద సైన్యం తరఫున పెత్తనం చేసే మొదెస్త్, ఎన్నికల తర్వాత కనబడకుండా పోయినవాడు, మళ్ళీ నడుముకు తుపాకీ కట్టుకుని దిగాడు. సంఘం డోలును తన్ని తూట్లు పొడిచాడు.

అప్పుడు రేడియోలో కబురొచ్చింది. మనం గెలిపించుకున్నాయన తిరిగి గద్దె ఎక్కేదాకా ఈ దేశంతో వ్యాపారం చెయ్యబోమని అమెరికావాళ్ళూ, చుట్టుపక్కల దేశాలవాళ్ళూ తలుపులు మూశారు. పెట్రోలు రాదు, సరుకు రాదు, ఇక్కడి సరుకు బయటికి పోదు. ఇది విని కొండ మీద జనం ఏడవలేదు. సంబరపడ్డారు. ఊటబావి దగ్గర ఆల్తగ్రాస్ బిందె బోర్లించి దాని మీద దరువేసింది.

"నెల రోజులు వదినా! నెల రోజులు తిండి లేకపోతే ఆ జనరళ్ళు కాళ్ళబేరానికొస్తారు."

"ఉచ్చు బిగించనీ. ఇంకా గట్టిగా బిగించనీ. మనకు పస్తులు కొత్తా ఏంటి?" అంది లామెసి. అలా అన్నది ఆమే. ఆ మాట తర్వాత ఆమెను చాలాకాలం కాల్చింది.

బిగిసింది ఎవరి మెడకో వచ్చే కాపు నాటికి తెలిసింది. చెట్లు ఆ ఏడు విరగకాశాయి. కొమ్మలు వంగి నేలకు తగులుతున్నాయి. లామెసి రోజూ ఏటి వైపు చూసేది. లారీ రాలేదు. ఒకనాడు మధ్యాహ్నం సావ్యోల్ నడుచుకుంటూ వచ్చాడు. వాకిట్లో నిలబడి "ఒనే!" అని పిలిచాడు. ఆ పిలుపుకు లోపలినుంచి "రెస్పే!" అని బదులు రావాలి, అప్పుడే గడప తొక్కాలి. లామెసి బదులైతే పలికింది గానీ అతని చెప్పుల దుమ్ము చూడగానే ఆమెకు సగం అర్థమైంది.

"లారీ ఏదయ్యా?"

"డీజిల్ ఏదక్కా? ఉన్నా ఎక్కడికి తోలను? ఓడ రాదు. కాయలు కడిగే షెడ్లకు తాళాలేశారు. నీవే కాదు, దేశంలో ఎవరి కాయా కొనేవాడు లేడు."

"మరి ఇవన్నీ?"

సావ్యోల్ చెట్లకేసి చూసి టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "తినండి" అన్నాడు.

తిన్నారు. పొద్దున మామిడి, మాపు మామిడి. పక్క ఊళ్ళోనూ అదే, గొనాయీవ్ సంతలోనూ అదే. లామెసి గాడిద మీద రెండు గంపలు కట్టుకుని సంతకు పోతే, అక్కడ కొండలన్నీ దిగొచ్చినట్టు మామిడి గుట్టలు. అడిగే నాథుడు లేడు. తిరిగి మోసుకురావడం దండగని అక్కడే గంపలు బోర్లించి వచ్చింది. ఇంటి దగ్గర రాలిన పళ్ళు కుళ్ళి ఈగలు ముసిరాయి. నల్ల పందులే ఉంటే ఆ పళ్ళన్నీ తినేసేవి. కిందింటి పసిపిల్లలిద్దరికి విరేచనాలు పట్టుకుని, ఆస్పత్రికి తీసుకుపోదామంటే బండి కదల్లేదు. ఆల్తగ్రాస్ మనవడు కూడా ఆ విరేచనాలతోనే ఆ వారంలో పోయాడు. ఆమె మళ్ళీ బిందె మీద దరువెయ్యలేదు.

జనరళ్ళకు పస్తులేం పడలేదు. పక్క దేశపు సరిహద్దు మీదుగా దొంగ పెట్రోలు వస్తూనే ఉంది. దాన్ని అమ్మేది వాళ్ళే. నడిచి తిరిగే మొదెస్త్ కొత్త మోటారుసైకిలు కొన్నాడు. దాని చప్పుడు వినబడితే ఆడపిల్లలు లోపలికి పోయేవారు.

పట్నంలో వంటకు గ్యాసు లేదు, కిరసనాయిలు లేదు. రాజధాని పోర్తోప్రెన్స్‌లో పెద్ద పెద్ద మేడల్లోవాళ్ళు కూడా బొగ్గుల కుంపటి మీదే వండుకోవాల్సొచ్చింది. బొగ్గు ధర మండిపోయింది. మామిళ్ళకు డీజిల్ దొరకని లారీలు బొగ్గుకు మాత్రం దొరికించుకుని వచ్చాయి. కొండ మీద ముందు పొదలు పోయాయి, తర్వాత ఎవరి చెట్లు వాళ్ళు నరుక్కోవడం మొదలైంది. గొడ్డలి దెబ్బలు ఒక వాలు మీద మొదలైతే ఎదురు వాలు మీద మారుమోగేవి.

ఇల్మీజ్‌ను బడినుంచి పంపేశారు. ఫీజు కట్టలేదని తిట్టలేదు, కొట్టలేదు. రేపటినుంచి రావద్దన్నారు, అంతే. ఆ పిల్ల నీలం గౌను ఉతికి ఆరేసి దాని ఎదురుగా కూర్చుంది. మర్నాడు లామెసి గొడ్డలి పదును పెట్టించింది. ఒరేలస్ అడ్డం వచ్చాడు.

"చెట్టును ముట్టుకోకే. వచ్చే ఏడాదికి దారులు తెరుస్తారంట. రేడియోలో చెప్పారు."

"ఆ రేడియో పోయినేడూ అదే చెప్పింది. ఫీజు కోసం బడివాళ్ళు వచ్చే ఏడాదిదాకా ఆగుతారా? పొట్ట ఆగుతుందా?"

"నా చేతులు రావు."

"నీ చేతులెవడడిగాడు? పక్కకు జరుగు."

మొదటి దెబ్బ ఆమే వేసింది. చెట్టు నిండా పూత ఉంది. దెబ్బ దెబ్బకూ పూత ఆమె తల మీద రాలింది. సగం నరికేసరికి ఆమె భుజం పట్టేసింది. అప్పుడు ఒరేలస్ వచ్చి గొడ్డలి అందుకున్నాడు. కట్టెలు పేర్చి, మట్టి కప్పి, నిప్పు పెట్టి, పొగ పలచబడేదాకా ఇద్దరూ కాపలా కాశారు. బస్తాలు కట్టాక మొదెస్త్ వచ్చి తన వాటా అని ఒకటి తీసుకుపోయాడు. మిగిలినదాంతో ఇల్మీజ్ ఇంకొన్నాళ్ళు బడికి పోయింది. ఆ తర్వాత ఇంకో చెట్టు జొన్నలైంది. మరొకటి ఒరేలస్ జ్వరానికి మందులైంది. ఆ మందు సంతలో విడిగా అమ్ముతున్న బిళ్ళలే. అవి ఏ బిళ్ళలో అమ్మినవాడికీ తెలియదు.

ఆఖరికి బడి మాటే వదులుకున్నారు. లామెసి పినతల్లి కూతురు సొలాంజ్ పోర్తోప్రెన్స్‌లో ఉంటుంది. పిల్లను పంపితే తిండి పెడతాను, బళ్ళో కూడా వేస్తాను, ఇంట్లో కాస్త పనికి సాయంగా ఉంటుందని కబురు పెట్టింది. అలా పంపిన పిల్లలు జీతం లేని పనివాళ్ళై ఎట్లా బతుకుతారో దేశంలో తెలియనివాళ్ళెవరు? లామెసికీ తెలుసు. తెలిసే, పిల్ల తల దువ్వి జడలు గట్టిగా అల్లింది. ఇల్మీజ్ బొగ్గు లారీ మీద, బస్తాల పైన కూర్చుని వెళ్ళింది. బూట్లు మాత్రం ఇంట్లోనే వదిలేసింది. అప్పటికే అవి బిగుతయిపోయాయి.

కార్నివాల్ పండగ రోజులు వెళ్ళాక ఒక పొద్దున ఒరేలస్ పొలం నుంచి పరుగున వచ్చాడు.

"మొదెస్త్ నా పేరు అడుగుతున్నాడంట. సంఘంలో డోలు కొట్టినవాళ్ళందరినీ పట్టుకుపోతున్నారు. కింద ఊళ్ళో ఇద్దరిని తీసుకుపోయారు. వాళ్ళ చెప్పులు ఏటి ఒడ్డున దొరికాయంట, మనుషులు లేరు."

లామెసి అంతకు వారం ముందే తీరం నుంచి వచ్చిన ఒక వడ్రంగితో మాట్లాడింది. పడవలు కట్టే ఆ మనిషి లావు మానుల కోసం కొండలన్నీ తిరుగుతున్నాడు. ఆమె తోటలోకెల్లా పెద్ద చెట్టును చుట్టూ తిరిగి చూసి, అరచేత్తో తట్టాడు. అప్పుడామె ఇవ్వనంది. ఇప్పుడు తనే అతన్ని వెతుక్కుంటూ వెళ్ళి పిలుచుకొచ్చింది.

"మామిడి మాను పడవకు నిలవదంటారు కదా?" అని అడిగింది.

"ఏళ్ళ తరబడి చేపలు పట్టడానికైతే నిలవదమ్మా. ఇది ఒక్కసారి సముద్రం దాటి అమెరికా చేరితే చాలు."

"డబ్బొద్దు. నా మొగుడికి చోటివ్వు."

"నీక్కూడా ఇస్తా. మాను పెద్దదే."

పట్నంలో ఇల్మీజ్ ఉంది. మిగిలిన చెట్లు నాలుగైదున్నాయి. "ఒక్కడికే" అంది.

ఒరేలస్ వెళ్ళిన రోజు ఆమె అతనికి కర్రపెండలం రొట్టెలు మూట కట్టి ఇచ్చింది. "అక్కడ మామిళ్ళు దిగే రేవు కనబడితే చూసిరా" అని నవ్వించబోయింది. అతను నవ్వలేదు. ఏరు దాటి, వెనక్కి చూడకుండా పోయాడు.

పడవ సముద్రం మధ్యకు చేరింది. అంతకుమించి పోలేదు. అమెరికా కాపలా ఓడ ఎదురొచ్చింది. తెల్లగా, మేడంత ఎత్తున ఉందట. అందరినీ పైకి ఎక్కించుకున్నారు. తాగడానికి నీళ్ళిచ్చారు, కప్పుకోవడానికి దుప్పట్లిచ్చారు. తర్వాత ఖాళీ పడవ మీద నూనె పోసి అంటించారు. ఎక్కడికి పారిపోతున్నారో, ఎందుకు పారిపోతున్నారో గట్టిగా అడిగినవాళ్ళు లేరు. రెండు రోజుల్లో అందరినీ తెచ్చి పోర్తోప్రెన్స్ రేవులో దింపారు. అక్కడ సైనికులు వరసగా నిలబడి ఒక్కొక్కరి పేరూ ఊరూ రాసుకున్నారు.

ఇంటికి నడిచి వచ్చాక ఒరేలస్ చెప్పిన మొదటి మాట ఇది: "మన చెట్టు కాలుతుంటే చూశానే. పచ్చి మానులా లేదు. ఎంత మంటొచ్చిందో!"

"నువ్వు ప్రాణాలతో వచ్చావు. చెట్టు సంగతెందుకిప్పుడు?"

"పోనిస్తారనుకున్నా. మనం గెలిపించినాయన్ను తేవడానికే కదా వాళ్ళు ఇదంతా చేస్తోంది? మేం ఆయన మనుషులమేనని చెప్పా. ఆ తెల్లవాడు తలూపాడు. ఊపి, పక్కవాడి వైపు తిరిగాడు."

మూడో రోజున మోటారుసైకిలు చప్పుడు వాకిట్లో ఆగింది. మొదెస్త్ పిలవలేదు, "ఒనే" అనలేదు. నేరుగా లోపలికొచ్చి, "ఓడ ప్రయాణం ఎట్లా జరిగింది దొరా?" అని ఒరేలస్ చొక్కా పట్టుకుని ఈడ్చుకుపోయాడు. లామెసి గ్రోమోర్న్ సైనికుల ఠాణా ముందు ఎండలో కూర్చుంది. వదలాలంటే ఎంతవుతుందో ఒక సిపాయి వచ్చి మెల్లగా చెప్పి పోయాడు. ఆమె కొండెక్కింది. ఆల్తగ్రాస్‌నూ ఆమె కొడుకునూ సాయం పిలిచి మిగిలిన చెట్లన్నీ ఒక్కసారే పడగొట్టింది. ఆ పూట ఆమె చెట్ల వంక చూడలేదు. గొడ్డలి పడే చోటే చూసింది.

"ఒక్కటైనా ఉంచుకో వదినా" అంది ఆల్తగ్రాస్.

"సగం మొగుణ్ణి తెచ్చుకోనా?" అంది లామెసి.

బొగ్గు అమ్మిన డబ్బు కట్టాక, నిజానికి సగమే వచ్చాడు. రెండు చెవుల మీదా ఒకేసారి అరచేతులతో కొట్టడం వాళ్ళకు అలవాటు. ఎన్నిసార్లు కొట్టారో గానీ ఒరేలస్‌కు వినికిడి పోయింది. నిలబడితే తూలేవాడు. చెట్టెక్కే మనిషి గడప దాటడానికి గోడ పట్టుకునేవాడు. మాటకు ముందు నసిగే అలవాటు కూడా పోయింది. అసలు మాటే తగ్గిపోయింది.

ఆ శరత్కాలంలో ఆకాశం నిండా హెలికాప్టర్లు వచ్చాయి. అమెరికా సైనికులు దిగారు. జనరళ్ళు వాళ్ళిచ్చిన విమానాల్లోనే విదేశాలకు పోయారు. మొదెస్త్ మోటారుసైకిలుతో సహా మాయమయ్యాడు. అందరూ ఎదురుచూసినాయన తిరిగొచ్చాడు. మూసిన దారులు తెరిచామని రేడియో చెప్పింది. కింద ఊళ్ళో జనం కొమ్మలు పట్టుకుని ఎగిరారు. లామెసి కొండ మీద నిలబడి ఆ పాటలు వింది. ఒరేలస్ "ఏంటి? ఏమంటున్నారు?" అని అడిగాడు. ఆమె చేతులూపి ఏదో చూపించింది. అతనికి అర్థం కాలేదు.

నవంబరులో తుపాను పట్టింది. చెట్లున్నన్నాళ్ళు ఎంత వాన కురిసినా ఆ వాలు మీద మట్టి కదిలేది కాదు. ఈసారి ఎర్రమట్టి ముద్దలు ముద్దలుగా ఏట్లోకి జారిపోయింది. వాన వెలిశాక చూస్తే కంది మొక్కలు లేవు, చిలగడదుంప తీగలు లేవు. వేళ్ళు బయటపడ్డ మామిడి మోళ్ళు రాళ్ళ మధ్య నిలబడి ఉన్నాయి.

కాపు కాలానికి సావ్యోల్ లారీ వేసుకుని వచ్చాడు. ఏటి ఒడ్డున దిగి తల పైకెత్తి చూసి, దారి తప్పాననుకుని డ్రైవర్‌ను అడిగాడట. పైకి వచ్చి, వాకిట్లో లామెసి పక్కన రాతి మీద కూర్చున్నాడు.

"ఇట్లా ఎంతమందో అక్కా. పొద్దుట్నించి పది వాకిళ్ళు తిరిగా, సగం లారీ నిండలేదు" అన్నాడు. లేచి ఒక మోడు దగ్గరకు పోయి, పక్కనుంచి వచ్చిన చిగురును వేళ్ళతో పట్టుకు చూశాడు. "ఇవి అంటు కింద నుంచి వచ్చినవి. కాస్తే అడివి కాయలే, పీచూ పులుపూ. కానీ వీటి మీద మళ్ళీ అంటు కట్టొచ్చు. వేళ్ళు పాతవే కాబట్టి నాలుగైదేళ్ళలో పట్టుకుంటాయి. నీళ్ళు పొయ్యాలి, మేకల్ని రానివ్వకూడదు, మట్టి నిలవడానికి రాతి కట్టలు వెయ్యాలి. కొమ్మలు నేనే తెచ్చిస్తా, ఊరికే."

లామెసి ఆ చిగుళ్ళను చాలాసేపు చూసింది. ఒరేలస్‌తో రాళ్ళు మోయించడం కుదరదు. తనొక్కతే అన్నీ చేసుకోవడం అయ్యే పని కాదు. ఇల్మీజ్‌కు పదిహేనేళ్ళొచ్చాయి. ఇద్దరూ ఉంటే నీళ్ళు ఒకరు, కట్ట ఒకరు. "పట్నం పోతావుగా, నన్ను తీసుకుపో. పిల్లను తెచ్చుకుంటా" అంది.

లారీలో కాయల గంపల మధ్య కూర్చుని ఆమె పోర్తోప్రెన్స్ చేరింది. దారి అడుగుతూ అడుగుతూ సొలాంజ్ ఇల్లు పట్టుకుంది. పెరట్లో ఒక పిల్ల నేలమీద కూర్చుని బూడిదతో గిన్నెలు తోముతోంది. జడలు లేవు, జుట్టు కురచగా కత్తిరించి ఉంది. తల ఎత్తి చూసి లేచి నిలబడింది. దగ్గరకు రాలేదు. తడి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అమ్మా, మీరెప్పుడొచ్చారు?"

ఆ "మీరు" ఎవరినని లామెసి పక్కకు చూసింది. తన పిల్ల ఏనాడూ తనను అలా పిలవలేదు. ఆ ఇంట్లో చిన్నా పెద్దా అందరినీ అలాగే పిలవాలి కాబోలు, నోరు అలా తిరిగిపోయింది.

"ఇప్పుడేనే. బాగున్నావా? బడికి పంపుతోందా పిన్ని?"

ఇల్మీజ్ గిన్నెల వంక చూసింది. లామెసి మూట విప్పి వేరుసెనగ ఉండలు తీసి చేతిలో పెట్టింది. పిల్ల వాటిని చూసింది, వాసన చూసింది. తర్వాత లోపలికి తొంగి చూసి, "అమ్మగారూ, మా అమ్మ ఇవి తెచ్చింది. ఒకటి తినొచ్చా?" అని అడిగింది. సొలాంజ్ లోపలినుంచి తినమంది. అప్పుడు తింది.

"నాతో వచ్చెయ్ ఇల్మీజ్. మోళ్ళు చిగురేశాయి. సావ్యోల్ మళ్ళీ అంటు కడతానన్నాడు. మనిద్దరం ఉంటే చాలు."

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా?"

"నాలుగేళ్ళు. అయిదనుకో."

"అప్పటిదాకా ఏం తింటాం?"

దారి పొడుగునా లామెసి లారీలో కూర్చుని అన్నీ ఆలోచించింది, నీళ్ళు, కట్టలు, మేకలు. ఈ ఒక్కటీ ఆలోచించలేదు. ఆలోచించకూడదనే ఆలోచించలేదేమో.

"ఇక్కడ అందరూ తిన్నాక ఏదో ఒకటి మిగులుతుంది. అమ్మగారు కొట్టడం కూడా రోజూ కాదు" అంది ఇల్మీజ్, తల్లిని సముదాయిస్తున్నట్టు. "మీరు వెళ్ళండమ్మా. లారీ పోతుంది. నేను బాగున్నానని నాన్నకు చెప్పండి." మళ్ళీ నేలమీద కూర్చుని గిన్నె అందుకుంది.

ఇంటికి చేరేసరికి ఒరేలస్ గోడ పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆమె వెనకాల దారంతా చూశాడు. "పిల్లేదే?" అన్నాడు. వినబడాలంటే కొండంతా వినబడేలా అరవాలి. లామెసి అరవలేదు. తల అడ్డంగా ఊపింది. అతను మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఊపింది.

సావ్యోల్ మాట తప్పలేదు. తడిగుడ్డలో చుట్టి ఫ్రాన్సిక్ కొమ్మలు పంపాడు. అవి వచ్చేసరికి ఇంట్లో జొన్నలు నిండుకుని చాలా రోజులైంది. పట్నంలో బొగ్గు ధర దిగలేదు. ఒకసారి బొగ్గుకు అలవాటుపడ్డ పొయ్యిలు మళ్ళీ గ్యాసుకు మారలేదు. పాత మామిడి వేళ్ళు లావుగా, గట్టిగా ఉంటాయి. వాటి బొగ్గు మంచి ధర పలుకుతుందని లారీవాళ్ళు చెప్పారు. లామెసి ఆ కొమ్మలను నీడలో పెట్టి, రెండు రోజులు వాటి మీద నీళ్ళు చల్లింది. మూడో రోజు గునపం తీసుకుని మోడు దగ్గర కూర్చుని వేళ్ళు పెకిలించడానికి చుట్టూ తవ్వడం మొదలుపెట్టింది. కాసేపటికి ఒరేలస్ తూలుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుని, ఊడిన మట్టిని చేత్తో పక్కకు తోడుతూ పోయాడు.